కుర్చీ ఉద్యోగంలో బరువు, బీపీ: ఏది ముందు, ఏది తర్వాత

రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లకు బరువూ బీపీ చాలాసార్లు జంటగానే వస్తాయి. పొట్ట కనబడుతుంది, బీపీ కనబడదు. అందుకని అందరూ కనబడే దానితోనే మొదలుపెడతారు. జిమ్‌లో చేరతారు, రాత్రి భోజనం మానేస్తారు, నాలుగు వారాలు తిరిగేసరికి విసుగొచ్చి రెండూ వదిలేస్తారు. నన్నడిగితే ముందు బీపీ సంగతి చూడమంటాను. ఉప్పు తగ్గించినా, రోజూ నడిచినా బీపీలో తేడా కొన్ని వారాల్లోనే తెలుస్తుంది. బరువుకు నెలలు పడుతుంది. ముందుగా తగ్గే అంకెను చూస్తూ పోతే ఆలస్యంగా తగ్గేదాని కోసం ఓపిక మిగులుతుంది.

కింద చెప్పినవి ఆ వరుసలోనే ఉన్నాయి. అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టకండి.

మొదటి వారం: ఏదీ మార్చకుండా కొలవండి

ఈ వారం తిండి మార్చొద్దు, నడక మొదలుపెట్టొద్దు. మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండి, బీపీ రాసుకోండి. అసలు మీ అంకె ఎంతో తెలియకపోతే తర్వాత ఏది పనిచేసిందో, ఏది చేయలేదో తేల్చుకోలేరు.

ఇంట్లోకి బీపీ మిషన్ కొనేటప్పుడు మోచేతికి పైన కట్టేదే తీసుకోండి. మణికట్టుకు పెట్టుకునేవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ చెయ్యి ఏమాత్రం కిందకో పైకో ఉన్నా అంకె మారిపోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి పట్టీ సైజు. మోచేతికీ భుజానికీ మధ్య భాగం చుట్టుకొలతను టేపుతో కొలిచి, పట్టీ మీద ముద్రించిన కొలతల్లో అది ఇముడుతుందో లేదో చూసుకోండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. బరువు ఎక్కువున్నవాళ్ల దగ్గర జరిగే మామూలు పొరపాటు ఇదే.

కొలిచే పద్ధతిని కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే చాలా ఇళ్లలో మిషన్ బాగానే ఉంటుంది, కూర్చునే తీరు బాగుండదు. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లి రండి. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చుని, రెండు పాదాలూ నేలకు ఆనించండి. కాలు మీద కాలు వేసుకోవద్దు. ఫోన్ పక్కన పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అదే బిగుతుగా పట్టేస్తుంది కాబట్టి ఆ చేతి వరకూ చొక్కా తీసేయడమే మంచిది. పట్టీ కింది అంచు మోచేతి మడతకు సుమారు రెండు వేళ్ల పైన ఉండాలి, గొట్టం చేతి లోపలి వైపుకు రావాలి. బిగించాక పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. చేతిని బల్ల మీద పెట్టి, పట్టీ గుండె ఎత్తున ఉండేలా చూసుకోండి. బల్ల తక్కువ ఎత్తులో ఉంటే చేతి కింద దిండు పెట్టండి. మిషన్ నడుస్తున్నంతసేపూ మాట్లాడొద్దు, ఇంట్లోవాళ్లు పలకరించినా సరే. ఒక నిమిషం ఆగి మళ్లీ కొలిచి, రెండుసార్లు వచ్చినవీ రాయండి.

ఇదంతా చాదస్తం అనిపించొచ్చు. కానీ కొలిచేటప్పుడు మాట్లాడుతుంటే పై అంకె (135/85 అని రాస్తే అందులో ముందున్న 135) దాదాపు 10 పాయింట్లు పెరగొచ్చు, మూత్రం ఆపుకుని కూర్చుంటే ఇంకో 10, కాలు మీద కాలు వేసుకుంటే 2 నుంచి 8. అసలు 128 ఉన్న మనిషికి 145 చూపించి, రాత్రంతా నిద్ర లేకుండా చేయడానికి ఇవి చాలు.

పొద్దున టిఫిను, మాత్రలు ఏవైనా ఉంటే వాటికన్నా ముందు ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి కొలవండి. ఏడు రోజులు చేయండి. మొదటి రోజు అంకెలు తీసేసి మిగతా ఆరు రోజుల సగటు కట్టండి. ఆ సగటు 135/85 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే బీపీ ఉన్నట్టే లెక్క. డాక్టరు గదిలో కొలిస్తే ఈ గీత 140/90 దగ్గర ఉంటుంది. అమెరికాలో 2017 నుంచి 130/80 దగ్గరే గీస్తున్నారు. ఏ గీత పట్టుకున్నా, ఒక్కసారి వచ్చిన ఒక్క అంకెతో నిర్ణయానికి రాకండి.

ఆఫీసు మనుషులకు ఇందులో ఇంకో మెలిక ఉంది. డాక్టరు దగ్గర మామూలుగా ఉండి, పనిలో ఉన్నప్పుడు మాత్రం పెరిగే బీపీ ఒకటుంది. దాన్ని దాగిన బీపీ అనుకోవచ్చు. కెనడాలోని క్యూబెక్‌లో సుమారు 3,500 మంది ఆఫీసు ఉద్యోగులను పరిశీలించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారానికి 35 గంటల లోపు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 49 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లలో ఈ దాగిన బీపీ ఉండే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. అందుకని ఆ వారంలో ఒకటి రెండు సార్లు, బాగా టెన్షన్‌గా ఉన్న పని రోజున, మిషన్‌ను ఆఫీసుకు పట్టుకెళ్లి మధ్యాహ్నం కొలిచి చూడండి. ఈ అంకెలను సగటులో కలపకుండా విడిగా రాసి డాక్టరుకు చూపించండి.

180/120 దాటితే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ కొలవండి. దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, చూపు మసకబారడం వంటివి ఉంటే మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇవేవీ లేకపోయినా అంకె అక్కడే నిలిచిపోతే డాక్టరును చూడటం వాయిదా వేయొద్దు.

అదే వారంలో టేపు కూడా తీయండి

బరువును వారానికి ఒకసారి, పొద్దున్నే కాలకృత్యాలయ్యాక చూసుకుంటే చాలు. రోజూ చూస్తే నీటి బరువు హెచ్చుతగ్గులే కనబడి మనసు పాడవుతుంది.

నడుము కొలత బరువు కన్నా మంచి కబురు చెబుతుంది. ప్యాంటు సైజు చూసి మోసపోకండి, బెల్టు పొట్ట కిందకు జారిపోయి ఏళ్లు గడిచినా సైజు మాత్రం అదే ఉండొచ్చు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. పొట్ట లోపలికి లాక్కుంటే కొలవడమే దండగ. నడుము కొలత మీ ఎత్తులో సగానికి లోపు ఉండాలి. ఎత్తు 170 సెంటీమీటర్లయితే నడుము 85 దాటకూడదు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 25 లోపే ఉందని ధీమాగా ఉండేవాళ్లలో కూడా చాలామందికి ఈ లెక్క తప్పుతుంది. ఆసియా ప్రజల్లో బీఎంఐ 23 దాటినప్పటి నుంచే ముప్పు పెరగడం మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే హెచ్చరించారు.

రెండో వారం నుంచి: ఉప్పు

ఉప్పును ముందు పెట్టడానికి కారణం, దీనికి రోజులో అదనపు సమయం అక్కర్లేదు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే సుమారుగా ఒక చిన్న చెంచా. ప్రపంచవ్యాప్తంగా సగటున మనుషులు తినేది దానికి రెట్టింపు. ఈ 5 గ్రాముల్లో వంటలో వేసేదే కాదు, ప్యాకెట్లలో దాగి వచ్చేదీ కలిసి ఉంటుంది. ఆఫీసు బల్ల సొరుగులో ఉండేవి ఎక్కువగా ప్యాకెట్లే.

ప్యాకెట్ వెనక ఉప్పు అని రాయకుండా సోడియం అని రాస్తే, ఆ అంకెను రెండున్నరతో గుణించండి, ఉప్పు లెక్క వస్తుంది. ఒక చిప్స్ ప్యాకెట్ మీద వంద గ్రాములకు సోడియం 900 మిల్లీగ్రాములు అని ఉందనుకుందాం. మీరు 60 గ్రాముల ప్యాకెట్ మొత్తం తిన్నారు. 540 మిల్లీగ్రాముల సోడియం లోపలికి వెళ్లింది. రెండున్నరతో గుణిస్తే 1.35 గ్రాముల ఉప్పు. సాయంత్రం నాలుగింటికి, ఆకలి కూడా లేకుండా తిన్న దానితోనే రోజు కోటాలో పావు వంతు దాటిపోయింది. కొన్ని ప్యాకెట్ల మీద లెక్కను ఒక్క వడ్డనకు మాత్రమే ఇస్తారు, ఆ వడ్డన 20 గ్రాములని పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది కూడా చూసుకోండి.

ఉప్పగా అనిపించని వాటిలోనూ ఉప్పు ఉంటుంది: బ్రెడ్డు, బిస్కెట్లు, సాస్‌లు, సూప్ పొడులు, ఇన్‌స్టంట్ నూడుల్స్. నీళ్లలో వేయగానే బుసబుస పొంగే మాత్రల్లో చాలావాటికి సోడియం బాగానే ఉంటుంది, తలనొప్పి అని రోజూ అవి వేసుకునే అలవాటుంటే డాక్టరుకు చెప్పండి. గులాబీ రంగు ఉప్పు, రాతి ఉప్పు అని ఎక్కువ ధర పెట్టి కొనేవీ ప్రధానంగా సోడియం క్లోరైడే. వాటితో బీపీ తగ్గుతుందనుకోవడం ఒట్టి భ్రమ.

ఒకేసారి సగం తగ్గిస్తే తిండి చప్పగా అనిపించి రెండు రోజుల్లో వదిలేస్తారు. వారానికి కొంచెం చొప్పున తగ్గించండి, నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. పళ్లెంలో పైన చల్లుకోవడం మొదట మానండి. పులుపు, మిరియాలు, వెల్లుల్లి కాస్త ఎక్కువేస్తే లోటు అంతగా తెలియదు.

సోడియం తగ్గించి కొంత పొటాషియం కలిపిన ఉప్పు కూడా దొరుకుతుంది. చైనాలో 600 గ్రామాల్లో దీన్ని పరీక్షించి 2021లో ఫలితాలు వెల్లడించారు. అందులో పాల్గొన్నది ఇదివరకు పక్షవాతం వచ్చినవాళ్లు, అరవై ఏళ్లు దాటి బీపీ ఉన్నవాళ్లు. ఈ ఉప్పు వాడిన గ్రామాల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ, ఒంట్లో పొటాషియం పెంచే కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లూ డాక్టరును అడక్కుండా దీని జోలికి పోకూడదు.

మూడో వారం: కప్పులు, సొరుగు, పళ్లెం

బరువు తగ్గాలంటే ఆకలితో మాడాల్సిన పనిలేదు. ముందు తాగేవి లెక్కపెట్టండి. కప్పుకు రెండు చెంచాల పంచదార, రోజుకు నాలుగు కప్పులు అనుకుంటే ఎనిమిది చెంచాలు, సుమారు 32 గ్రాములు, దాదాపు 130 కేలరీలు. పంచదార రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కూల్‌డ్రింకుల మాటే ఎత్తకుండా కప్పులతోనే దాన్ని దాటేశాం. కప్పుల సంఖ్య తగ్గించడం కష్టమైతే చెంచాలు తగ్గించండి.

సొరుగు ఖాళీ చేయండి. చేతికి అందేంత దూరంలో ఉన్న తిండిని ఆకలి లేకపోయినా తింటాం, దానికి మనోబలం గురించి ఉపన్యాసాలు అనవసరం. పక్కవాళ్లు పంచేవాటికి వద్దనడం మొహమాటమైతే, ఒకటి తీసుకుని భోజనంతో పాటు తినండి. మధ్యాహ్నం భోజనం తెర చూస్తూ చేయకండి. స్క్రీన్ ముందు తింటే ఎంత తిన్నామో తెలియదు, పైగా ఆ పదిహేను నిమిషాలూ కుర్చీ ఖాతాలోకే పోతాయి.

పళ్లెంలో సగం కూరగాయలు ఉంచి, మిగతా సగాన్ని పప్పుధాన్యాలు లేక ఇతర మాంసకృత్తులకూ, ధాన్యాలకూ పంచండి. కూరగాయలు, పళ్లు, పప్పులు, వెన్న తీసిన పాల పదార్థాలు ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉండే డాష్ ఆహారాన్ని 1997లో అమెరికాలో పరీక్షించినప్పుడు, బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున 11 పాయింట్లు తగ్గింది. ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్ల బరువు తగ్గనివ్వలేదు, ఉప్పూ మార్చలేదు. అంటే పళ్లెం మారితే, బరువు కదలకముందే బీపీ దిగుతుందన్నమాట.

గురి పెద్దది పెట్టుకోకండి. ఒంటి బరువులో 5 శాతం చాలు. 80 కిలోల మనిషికి అది 4 కిలోలు. తగ్గిన ప్రతి కిలోకూ పై అంకె సుమారు ఒక పాయింటు దిగుతుందని పరిశోధనల సగటు. మొదటి వారం రెండు కిలోలు తగ్గితే అందులో ఎక్కువ భాగం నీరు. ఆ తర్వాత వారానికి అర కిలో తగ్గినా మంచి వేగమే.

కుర్చీతో పేచీ

1953లో లండన్‌లో వైద్య పరిశోధకుడు జెరెమీ మోరిస్ బృందం రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించింది. రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్లతో పోలిస్తే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు ఇచ్చే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనబడింది. కూర్చోవడం మీద చర్చ అక్కడి నుంచే ఊపందుకుంది. ఇందులో నాకు నచ్చేది తర్వాత జరిగిన సంగతి. అదే బృందం 1956లో సిబ్బందికి కుట్టించిన యూనిఫాంల కొలతలు తిరగేస్తే, డ్రైవర్ల ప్యాంట్ల నడుము సైజు కండక్టర్లకన్నా పెద్దదని తేలింది. కాబట్టి తప్పంతా సీటుదేనని తేల్చలేం, నడుముకూ వాటా ఉంది. రెండింటినీ కలిపి పట్టించుకోవాలి.

2023లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీవాళ్లు కూర్చునే సమయాన్ని మధ్యమధ్యలో తెంపి చూశారు. అరగంటకోసారి ఐదు నిమిషాల నెమ్మది నడక చక్కెర, బీపీ రెండింటికీ బాగా పనిచేసింది. పై అంకె 4, 5 పాయింట్లు తగ్గడం మాత్రం గంటకు ఒక్క నిమిషం నడిచినప్పుడు కూడా కనబడింది. పాల్గొన్నది 11 మందే కాబట్టి దీన్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు, కానీ గంటకు ఒక నిమిషం ఏ ఆఫీసులోనైనా దొరుకుతుంది.

అలారం పెట్టుకుంటే మూడో రోజు నుంచి ఆపేయడం అలవాటవుతుంది. దానికన్నా లేవక తప్పని పరిస్థితి కల్పించుకోవడం మేలు. పెద్ద సీసా తీసేసి చిన్న గ్లాసు పెట్టుకోండి, నీళ్లకోసం లేవాల్సి వస్తుంది. వేరే అంతస్తులోని బాత్రూమ్ వాడండి. ఫోన్ కాల్ వస్తే కూర్చుని ఎత్తకూడదని ఒక నియమం పెట్టుకోండి. పక్క విభాగంలో మనిషికి మెసేజ్ చేసే బదులు వెళ్లి అడగండి. మీటింగులో కెమెరా అక్కర్లేకపోతే నిలబడి వినండి.

నిలబడి పనిచేసే బల్ల కొనాలా అని చాలామంది అడుగుతారు. వీపుకు సుఖంగా ఉంటే కొనుక్కోండి, బరువు కోసమైతే వద్దు. 65 కిలోల మనిషి ఆరు గంటలు కూర్చునే బదులు నిలబడితే అదనంగా ఖర్చయ్యేది 54 కేలరీలే.

నడక, గోడకుర్చీ

వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని. ఇది అందరికీ చెప్పే లెక్క. రోజుకు ఎనిమిది గంటలు మించి కూర్చునేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ కావాలి. పది లక్షల మందికి పైగా వివరాలను కలిపి 2016లో చేసిన విశ్లేషణ ప్రకారం, రోజూ 60 నుంచి 75 నిమిషాలు చురుగ్గా కదిలేవాళ్లలో అంతసేపు కూర్చోవడం వల్ల పెరిగే మరణ ముప్పు కనబడలేదు. గంట అనగానే భయపడకండి. పొద్దున ఇరవై, భోజనమయ్యాక పది, సాయంత్రం ముప్పై నిమిషాలు అని విడగొట్టొచ్చు. మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనంత వేగం ఉంటే చాలు. ఇప్పుడు అసలే నడవనివాళ్లు పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదేసి పెంచుకోండి.

ఇంకొకటి చిన్నప్పుడు బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ. 2023లో 270 పరీక్షలను కలిపి చూస్తే, ఇలా కదలకుండా కండరాలు బిగించే వ్యాయామాలతో పై అంకె సగటున 8 పాయింట్లు తగ్గింది, నడక, పరుగు వంటి వాటికన్నా ఎక్కువ. వీపును గోడకు ఆనించి, పాదాలు కాస్త ముందుకు పెట్టి, మోకాళ్లు వంగేలా కిందకు జారండి. రెండు నిమిషాలు ఆగి, లేచి రెండు నిమిషాలు విశ్రాంతి తీసుకుని, అలా నాలుగు సార్లు, వారానికి మూడు రోజులు చేయాలి. మొదట్లో పూర్తిగా వంగకుండా ముప్పై సెకన్లు నిలిస్తే గొప్పే. ఊపిరి బిగపట్టకూడదు, అలా చేస్తే ఆ క్షణంలో బీపీ బాగా ఎగురుతుంది. మోకాళ్ల నొప్పులు, గుండెజబ్బు, బాగా ఎక్కువ బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

అన్నీ చేసినా తగ్గకపోతే

ఆరు వారాలు గడిచినా అంకె కదలకపోతే వీటిని చూసుకోండి. నడుంనొప్పికి, మెడనొప్పికి తరచూ ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటున్నారా? అవి బీపీ పెంచుతాయి. ముక్కుదిబ్బడకు వేసుకునే కొన్ని మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, ఎక్కువగా వాడితే అతిమధురం వేరు (యష్టిమధు) కూడా అంతే. మద్యం తాగేవాళ్లకు అది తగ్గించినప్పుడే తేడా తెలుస్తుంది. గట్టిగా గురక పెడుతూ, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తున్నారని ఇంట్లోవాళ్లు చెబితే తేలిగ్గా తీసుకోకండి. అది నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ అప్నియా) కావచ్చు, దానికి చికిత్స తీసుకోకుండా బీపీని అదుపులో పెట్టడం కష్టం.

డాక్టరు దగ్గరికి

సగటు 135/85 దాటినవాళ్లు ఈ మార్పులు చేస్తూనే డాక్టరును కలవాలి, అవి పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. రాసుకున్న పుస్తకంతో పాటు మిషన్ కూడా పట్టుకెళ్లి అక్కడి మిషన్‌తో ఒకసారి సరిచూడమనండి. మామూలుగా మూత్రం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం, చక్కెర, కొలెస్ట్రాల్, ఈసీజీ పరీక్షలు రాస్తారు. అంకె కొద్దిగా పెరిగి, మరే జబ్బూ లేకపోతే కొన్ని నెలలు అలవాట్లు మార్చి చూద్దామని అనొచ్చు. 160/100 ప్రాంతంలో ఉంటే మాత్రం మాత్రలు వెంటనే మొదలుపెట్టడమే పద్ధతి.

మాత్ర మొదలైతే జీవితాంతం బానిసలమవుతామని భయపడి వాయిదా వేసేవాళ్లు ఎక్కువ. ఆ భయంతో గడిపే ఏళ్లలో కిడ్నీలకు, కళ్లకు, గుండెకు జరిగే నష్టం చప్పుడు చేయదు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, ఎనాలాప్రిల్, రామిప్రిల్ రకం మాత్రలతో కొందరికి పొడిదగ్గు వస్తుంది. ఇలాంటివి కనబడితే మాత్ర మానేయకుండా చెప్పండి, వేరే రకాలున్నాయి. అంకె మామూలైందని కూడా మానొద్దు, మామూలైంది ఆ మాత్ర వల్లే. ఉప్పు, బరువు తగ్గాక లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే, కూర్చుని ఒకసారి, నిలబడిన ఒక నిమిషానికి ఒకసారి బీపీ కొలిచి రాసి డాక్టరుకు చూపించండి. మోతాదు తగ్గించాలో, మాత్ర ఆపాలో ఆ అంకెలు చూసి ఆయనే చెబుతారు.